ప్రభువు బల్ల దగ్గర కూడా కడబంతేనా?

పోయిన ఏడాది ఒక నెల మొదటి ఆదివారం. మా మాలపల్లి చర్చిలో బల్ల ఆరాధన. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. సంఘ పెద్ద పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాడు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో ఒక పిల్ల తల మీద కొంగు కప్పుకుని చేతులు చాపింది. పళ్లెం ఆమె దగ్గర ఆగలేదు. పక్కావిడ దగ్గరికి పోయింది. మగవాళ్ల వైపు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఆమె పెనిమిటికీ అదే జరిగింది. ఆ పిల్ల చాపిన చేతులు కాసేపు అట్లాగే ఉండిపోయి, మెల్లగా ఒళ్లోకి దిగినాయి.

ఆ పిల్ల మా పల్లె పిల్లే. మా దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. పెనిమిటి మాదిగపల్లి కుర్రాడు. ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. ఇద్దరూ చదువుకున్నారు, ఇష్టపడ్డారు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. వాళ్లు చేసిన నేరం ఇదే.

ఆరాధన అయినాక పెద్దల్ని అడిగాం. "సంఘానికి చెప్పకుండా పెళ్లి చేసుకున్నారు. తప్పు ఒప్పుకునే దాకా బల్ల లేదు. అయోగ్యంగా తింటే శిక్ష వాళ్లకే. వాళ్ల మంచికే ఆపాం మాష్టారూ" అన్నారు. సరే, ఆ ముందు సంవత్సరం ఇదే సంఘంలో ఇంకొక కుర్రాడు ఇట్లాగే రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని వచ్చాడు గదా, వాళ్లని ముందు వరసలో నిలబెట్టి ఆశీర్వదించారు గదా అని అడిగితే జవాబు లేదు. ఆ పెళ్లిలో ఇద్దరూ మా కులం వాళ్లే మరి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు పళ్లెం మా అమ్మ ముందుకి వచ్చినప్పుడు ఆమె చేతులు చాపలేదు. "వాళ్లకి లేంది నాకెందుకయ్యా" అని పళ్లెం తిప్పి పంపింది. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. మేం డిగ్రీ చదివాం, బి.ఇడి. చేశాం, అంబేద్కర్ జయంతి సభల్లో మైకు పట్టుకుని మాట్లాడతాం. ఆ రోజు పళ్లెం మా ముందుకి వస్తే అలవాటు ప్రకారం చేయి చాపి రొట్టె తీసుకున్నాం. ఈ వ్యాసం రాయడానికి ఆ సిగ్గు కూడా ఒక కారణం.

ఆ ఆదివారం ఆ పళ్లెంలో క్రీస్తు ఉన్నాడా? ఇదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మనకెందుకు?

ఉద్యమంలో ఉన్న మన తమ్ముళ్లు కొందరు అంటారు: "భూమి గురించి, కూలి గురించి, కేసుల గురించి రాయాల్సిన కాగితం మీద రొట్టె ముక్క గురించి ఎందుకు?" ఎందుకంటే మన వాడల్లో సగం మంది నెలకొకసారో వారానికొకసారో ఆ రొట్టె తింటున్నారు. జనం కూడేది అక్కడే. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లని నరికినప్పుడు, బతికి బయటపడ్డవాళ్లు పరుగెత్తి తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలోనే గదా. ఆ ఆవరణలో శిబిరం లేకపోతే ఆ పోరాటం అట్లా నిలబడేదా?

ఇంకా లోతుగా చూస్తే, అంటరానితనం అన్నదే కూటి దగ్గరా నీటి దగ్గరా పుట్టిన రోగం. ఎవరితో కలిసి తినాలి, ఎవరి చేతి నీళ్లు తాగకూడదు అన్నదాంట్లోనే కులం బతుకుతుంది. అందుకే బాబాసాహెబు 1927 మార్చి 20న మహద్‌లో జనాన్ని వెంటబెట్టుకుని పోయి చవదార్ చెరువులో నీళ్లు తాగాడు. దాహం తీర్చుకోవటానికి తాగిన నీళ్లు కావు అవి. మనం కూడా మనుషులమే అని చెప్పటానికి తాగినవి.

మాకు పదేళ్లప్పుడు మా నాయనమ్మని అడిగాం, "ఆ రొట్టె నిజంగా యేసు ప్రభువు శరీరమేనా?" అని. ఆమె చెప్పిన జవాబు ఇది: "ఆ సంగతి అయ్యగారికి తెలియాలి. నాకు తెలిసింది ఒకటే. ఆసామి ఇంటి కాడ దోసిలి పడితే పైనించి పోస్తారు, చెంబు నా చేతికి తగలకుండా. ఇక్కడ ఒకే గిన్నె, అందరి పెదాలకీ అందిస్తారు." అప్పట్లో మా చర్చిలో ఒకటే గిన్నె ఉండేది. మా నాయనమ్మకి ఆ గిన్నెలో క్రీస్తు కనపడ్డాడు. పైనించి పోయని దేవుడు ఆమెకి దొరికాడు.

సుద్దముక్కతో గీసిన గీత

క్రీస్తు రొట్టెలో ఎట్లా ఉంటాడు అనే దాని మీద క్రైస్తవులు వెయ్యేళ్లకి పైగా వాదించుకున్నారు. ఆ వాదాలు మన జనానికి తెలియాలి. తెలియకపోతే పెద్దలు ఏం చెబితే అదే శాస్త్రం అవుతుంది.

రోమన్ కతోలికులు ఏమంటారు? గురువు పూజలో ఆ మాటలు పలికినప్పుడు రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయి అంటారు. రంగు, రుచి, రూపం మారవు. లోపలి సారం మారుతుంది. 1215లో రోములో లాతరన్ సభ ఈ మాట చెప్పింది. 1551లో ట్రెంట్ సభ దాన్ని గట్టిగా ఖాయం చేసింది. అందుకే పూజ అయినాక మిగిలిన అప్పాన్ని మందసంలో భద్రంగా పెడతారు. పక్కన దీపం ఆరనివ్వరు. దాని ముందు మోకరిస్తారు. తూర్పు దేశాల పాత సంఘాలు కూడా మార్పు నిజమే అంటాయి. అది ఎట్లా జరుగుతుందో లెక్కలు కట్టకండి, అది మర్మం అంటాయి.

మార్టిన్ లూథర్ ఏమన్నాడు? రొట్టె రొట్టెగానే ఉంటుంది, క్రీస్తు కూడా నిజంగా అందులోనే, దానితోనే ఉంటాడు అన్నాడు. స్విట్జర్లాండులో జ్వింగ్లీ అనే ఆయన ఒప్పుకోలేదు. క్రీస్తు పరలోకానికి పోయాడు, ఆయన శరీరం ఇక్కడ ఉండదు, రొట్టె ఆయన్ని గుర్తు చేసే ఆనవాలు మాత్రమే అన్నాడు. 1529 అక్టోబరులో జర్మనీలో మార్బర్గ్ కోటలో ఇద్దర్నీ కూర్చోబెట్టారు. లూథర్ సుద్దముక్క తీసుకుని, ఇది తన శరీరమని ప్రభువు చెప్పిన మాటని బల్ల మీదే రాసి పెట్టుకున్నాడట. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా కదపనన్నాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద రాజీ కుదిరింది. పదిహేనోది ఈ రొట్టె సంగతి. అందులోనూ చాలా మాటలు కలిశాయి, శరీరం సంగతి ఒక్కటే మిగిలింది. దాని దగ్గరే విడిపోయారు. తర్వాత జెనీవాలో కాల్విన్ మధ్యదారి చెప్పాడు: శరీరం దిగి రాదు, పరిశుద్ధాత్మ మనల్ని ఆయన దగ్గరికి చేరుస్తాడు, కాబట్టి ఆయన్ని నిజంగానే పొందుతాం అన్నాడు.

రోజూ సుద్దముక్క పట్టుకునే పంతుళ్లం గనక మాకు ఆ కథ బాగా గుర్తుండిపోయింది. మార్బర్గ్‌లో గీసిన ఆ గీత సముద్రాలు దాటి మన వాడల మధ్యకి వచ్చింది. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికా బాప్టిస్టులు వచ్చారు. డోర్నకల్లు వైపు ఆంగ్లికనులు. కతోలికులు అంతకు ముందే వచ్చి ఉన్నారు. రొట్టెలో క్రీస్తు ఉన్నాడని ఒక మిషను, ఆనవాలేనని ఇంకొక మిషను. అసలు రొట్టే వద్దని, బతుకంతా సంస్కారమేనని రక్షణ సైన్యం వాళ్లు. ఏ వాడకి ఏ మిషను ముందు వస్తే ఆ వాడ ఆ సంఘం అయింది. చాలా ఊళ్లలో మాలపల్లికి ఒకటి, మాదిగపల్లికి ఒకటి. మనం ఏ సిద్ధాంతాన్నీ చదివి ఎంచుకోలేదు. తీరా చూస్తే ఊరు గీసిన కులం గీతా, మిషను గీసిన సిద్ధాంతం గీతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇప్పుడు కులం పేరు ఎత్తకుండానే "వాళ్ల సంఘం వేరు, మా సంఘం వేరు" అనొచ్చు.

కొరింథులో జరిగింది

ఇంతకీ ఈ భోజనం గురించి మనకి దొరికే అతి పాత రాత ఏది? సువార్తల కంటే ముందు, సుమారు క్రీ.శ. 55లో, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక. అందులో 11వ అధ్యాయం. మా పెద్దలు "అయోగ్యంగా తింటే శిక్ష" అని బెదిరించేది కూడా ఆ అధ్యాయంలోని మాటతోనే. ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించండి.

అక్కడ ఏం జరిగింది? ఆ రోజుల్లో ప్రభువు భోజనం అంటే చిన్న రొట్టె ముక్క కాదు, కడుపు నిండా తినే భోజనం. కలిగినవాళ్లు ముందే వచ్చి, తెచ్చుకున్నది తిని, మత్తెక్కేదాకా తాగేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. ఆ సంఘంలో బానిసలు, కూలి జనం ఉన్నారు. పనులు తెముల్చుకుని పొద్దుగూకినాక గదా వాళ్లు వచ్చేది. ఆనాటి కొరింథులో కలిగినవాళ్ల ఇళ్లలో భోజనాల గదిలో తొమ్మిది పది మందికి మించి పట్టరని, మిగతావాళ్లు నడవలో కూర్చోవాల్సిందేనని కొందరు పండితుల అంచనా. మనకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆసామి ఇంట్లో పెళ్లి అయితే మొదటి బంతి ఎవరిదో, పశువుల కొట్టం దగ్గర ఆకులు పరిచే కడబంతి ఎవరిదో మన తాతలకి తెలుసు.

పౌలు వాళ్లని ఏమన్నాడు? మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. లేనివాళ్లని సిగ్గుపరుస్తారా అని నిలదీశాడు. ఆ తర్వాతే అయోగ్యంగా తినటం గురించి, శరీరమని గుర్తించకుండా తినటం గురించి హెచ్చరించాడు. చివరికి చెప్పిన మందు ఏమిటి? ఒకరి కోసం ఒకరు ఆగండి, కలిసి తినండి అన్నాడు.

ఆయన చెప్పే ఆ శరీరం రొట్టెలో ఉన్న శరీరమని కొందరు, కూడి వచ్చిన జనమే ఆ శరీరమని కొందరు అర్థం చెబుతారు. రెండూ కలిపే చెప్పాడని మా నమ్మకం. ఎందుకంటే దాని ముందు అధ్యాయంలో రొట్టె ఒక్కటే గనక మనమందరం ఒక్క శరీరమనే అర్థంలో చెప్పాడు. తర్వాత అధ్యాయమంతా శరీరంలో చేయి, కాలు, కన్ను గురించే. బలహీనంగా కనపడే అవయవానికి ఎక్కువ మర్యాద ఇవ్వాలని చెప్పాడు.

కాబట్టి అయోగ్యంగా తిన్నది ఎవరు? ఆకలితో నడవలో కూర్చున్నవాళ్లా, వాళ్లని కూర్చోబెట్టినవాళ్లా? పౌలు కొరడా పైవాళ్ల వీపు మీద ఆడింది. మన పెద్దలు దాన్ని తీసుకుని కిందవాళ్ల మీద ఆడిస్తున్నారు. చేతులు చాపిన ఆ పిల్ల అయోగ్యురాలు కాదు. ఆమెని దాటిపోయిన పళ్లెంలోంచి తిన్న మేం, ఆ పళ్లెం మోసిన పెద్దలం అయోగ్యులం.

ఇదే పత్రిక మన చరిత్రలో ఇంకొకసారి వస్తుంది. 1860ల్లో ఒంగోలులో క్లౌ దొర దగ్గరికి పైకులాల వాళ్లు వచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో, భార్య ఇంకొక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఈ పత్రిక మొదటి అధ్యాయమే తగిలిందని ఆయన రాసుకున్నాడు. లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడనే భాగం అది. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన పల్లెపల్లెకి తిరిగి చెబుతున్నాడు. కరువు కాలం దాటుతుండగా 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పైకులాల కోసం బల్ల ఖాళీగా ఉంచి మనల్ని బయట నిలబెట్టి ఉంటే ఈ రోజు ఈ చర్చిలు ఎక్కడివి?

గోడ కట్టినవాళ్లు, కూల్చినవాళ్లు

బల్ల దగ్గర గోడ కట్టటం మన పల్లెతో మొదలు కాలేదు. తమిళనాట తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో కతోలిక గుడి ఉంది. పంట్లాం కాళ్ల మాదిరి రెండు పాయలుగా కట్టారు. ఒక పాయలో వెల్లాలులు, ఇంకొక పాయలో నాడార్లు, మిగతా కులాలు. పీఠం దగ్గర ఫాదరు రెండు వైపులకీ కనపడతాడు, ఒక వైపు జనానికి ఇంకొక వైపు జనం కనపడరు. పూజ ఒకటే, అప్పం ఒకటే, మధ్యన గోడ. 1910 ప్రాంతంలో ఫాదర్లు ఆ గోడ తీయించారు. పైకులం క్రైస్తవులు గోడ కావాలని కోర్టుకెక్కి మద్రాసు హైకోర్టు దాకా పోయారు. అక్కడ ఓడిపోయారు.

ప్రొటెస్టెంట్లు తక్కువ తిన్నారా? 1833లో కలకత్తా బిషప్పు డానియల్ విల్సన్ దక్షిణాది సంఘాల్లో కులభేదం ఉండటానికి వీల్లేదని ఉత్తరం రాస్తే, తంజావూరులో ఎంతోమంది పైకులం క్రైస్తవులు సంఘాన్నే వదులుకున్నారు. బల్లనైనా వదిలారు గానీ కులాన్ని వదల్లేదు. ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2008 మార్చిలో తమిళనాడు ఎరైయూరులో వేరే విచారణ అడిగిన దళిత కతోలికుల ఇళ్ల మీద వన్నియ కతోలికులు పడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అందరూ ఒకే పీఠం దగ్గర అప్పం తీసుకునేవాళ్లే.

దక్షిణాఫ్రికా కథ మన జనం తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడ డచ్చి రిఫార్మ్‌డ్ సంఘం 1829లో, రంగు చూడకుండా అందరికీ ఒకే బల్ల అని తీర్మానించింది. 1857లో అదే సంఘం, కొందరి బలహీనత వల్ల నల్లవాళ్లకి వేరే ఆరాధన పెట్టుకోవచ్చు అంది. బలహీనత ఎవరిది? నల్లవాళ్ల పక్కన కూర్చోలేని తెల్లవాళ్లది. 1881లో వేరే సంఘమే పెట్టారు. 1948 నుంచి వేరు వేరు బతుకులు దేశం చట్టం అయింది. బల్ల దగ్గర చిన్న సర్దుబాటుగా మొదలైంది బస్సులకీ బడులకీ శ్మశానాలకీ పాకింది. దాన్ని ఎదిరించిందీ బల్ల దగ్గరే. 1982లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల సభ జరిగింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులు కొందరు, మమ్మల్ని మా దేశంలో బల్లకి రానివ్వనివాళ్లతో ఇక్కడ కలిసి తినటం నాటకం అవుతుందని చెప్పి బల్ల తీసుకోలేదు. ఆ సభే జాతి వేర్పాటుని సమర్థించే బోధ దుర్బోధ అని తేల్చింది. తెల్ల సంఘాలు రెండింటిని సభ్యత్వం నుంచి ఆపేసింది.

ఆ కథ చదివినప్పుడు మాకు మా అమ్మ పళ్లెం తిప్పి పంపటం గుర్తొచ్చింది. ఆమెకి ఒట్టావా ఎక్కడుందో తెలియదు.

ఏ సిద్ధాంతం పట్టుకున్నా

రొట్టెలో క్రీస్తు ఎట్లా ఉంటాడో తేల్చే పని మాది కాదు. ఎవరి విశ్వాసం వాళ్లది. అయితే ఏ సిద్ధాంతం పట్టుకున్నా కులం గోడ నిలబడదని మాత్రం గట్టిగా చెబుతాం.

కతోలిక అన్నలారా, అప్పం నిజంగా క్రీస్తే అయితే, ఆయన వచ్చి నిలబడ్డ చోట నువ్వు ఇటు కూర్చో, నువ్వు అటు కూర్చో అనటానికి మనం ఎవరం? మీ వాటికన్ సభే 1963లో చెప్పింది: క్రీస్తు అప్పంలో ఉన్నాడు, గురువులో ఉన్నాడు, వాక్యంలో ఉన్నాడు, కూడిన జనంలోనూ ఉన్నాడు. అప్పంలో ఉన్నవాడికి మోకరించి, జనంలో ఉన్నవాడిని గోడ అవతల పెడతారా?

లూథరన్ అన్నలారా, మామూలు రొట్టెతో కలిసి ఉండటానికి క్రీస్తు సిగ్గుపడకపోతే, మాదిగవాడి పక్కన కూర్చోవటానికి మాలవాడికి సిగ్గెందుకు?

బాప్టిస్టు, బ్రదరెన్ అన్నలారా, ఇది జ్ఞాపకమే అంటారు గదా. ఎవర్ని జ్ఞాపకం చేసుకుంటున్నాం? సుంకరులతో, పాపులతో కలిసి తింటున్నాడని నిందపడ్డ మనిషిని. లూకా సువార్త చదవండి. పట్టించబోయే యూదా చేయి కూడా ఆ రాత్రి ఆ బల్ల మీదే ఉంది. ఆయన్ని లేవగొట్టకుండా వడ్డించినవాడిని జ్ఞాపకం చేసుకుంటూ, ప్రేమించి పెళ్లి చేసుకున్న పిల్లని దాటిపోతారా?

"సంఘానికి క్రమశిక్షణ అక్కర్లేదా మాష్టారూ?" అంటారు. కావాలి. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడిని ఆపండి. చర్చి స్థలం అమ్ముకున్నవాడిని ఆపండి. కట్నం లెక్కపెట్టి తీసుకున్నవాడిని ఆపండి. వాళ్లంతా ముందు వరసలో కూర్చుని బల్ల తీసుకుంటున్నారు. మరి మీ క్రమశిక్షణ ఆ ఇద్దరు పిల్లల దగ్గరే గుర్తొచ్చిందేం?

ఇంకొక విడ్డూరం చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప ఇంకే మతంలో ఉన్నవాళ్లూ షెడ్యూల్డు కులం వాళ్లు కారు. అంటే బల్ల తీసుకున్నవాడికి కులం పోయిందని సర్కారు లెక్క. పోలేదు, మాకూ హక్కులు కావాలి అని మన సంఘాలు ఢిల్లీ దాకా పోయి ధర్నాలు చేశాయి. ఆ డిమాండు న్యాయమైంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా 2007లో ఆ మత షరతు తీసేయమనే చెప్పింది. అయితే అక్కడ కులం మమ్మల్ని నలిపేస్తోందని అర్జీ పెట్టిన చేత్తోనే ఇక్కడ కులం చూసి పళ్లెం తిప్పితే మన మాటకి విలువ ఉంటుందా?

మాలలు, మాదిగల మధ్య వర్గీకరణ తగాదా ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక అది ఇంకా వేడెక్కింది. ఎవరి వాదన వాళ్లు సభల్లో చెప్పుకోండి, కోర్టుల్లో చెప్పుకోండి. మా వాటా, మీ వాటా అనే లెక్క ఉద్యోగాల్లో ఉంటుంది. విరిచిన రొట్టెలో వాటాల తగాదా లేదు.

ఏం చేద్దాం?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఈ రోజు మన చర్చిల్లో వడ్డించేవాడు మనవాడే. పాస్టరు మనవాడు, సంఘ పెద్ద మనవాడు. 2022లో మన పూల ఆంతోని గారు కార్డినల్ కూడా అయ్యారు. అయినా కడబంతికి వడ్డన చేరటం లేదు. మనవాళ్లు గరిటె పట్టుకుంటే చాలదని, కడబంతే లేకుండా చేయాలని ఇప్పటికైనా తెలుసుకోవాలి.

మేం రోజూ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టిస్తాం. వంట పనిలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మన ఆడవాళ్లు వండితే తమ పిల్లల్ని తిననివ్వమనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఇళ్లకి పోయి, "మీ పిల్లలు ఈ అన్నం తినాల్సిందే" అని వాదించి వచ్చే పంతుళ్లం మేం. ఆదివారం మా చర్చిలో నోరు మూసుకుంటే ఆ వాదనకి ముఖం ఎక్కడిది?

అందుకని మా ప్రతిపాదనలు ఇవి. మీ వాడలో చర్చకి పెట్టండి.

ఒకటి. కులాంతర పెళ్లి చేసుకున్నవాళ్లని బల్ల నుంచి ఆపకూడదని ప్రతి సంఘమూ తీర్మానం రాసుకోవాలి. ఇప్పటికే ఆపి ఉంటే, సంఘమే వాళ్లకి క్షమాపణ చెప్పాలి.

రెండు. మాలపల్లి, మాదిగపల్లి సంఘాలు ఏడాదికి ఒక్కసారైనా, మంచి శుక్రవారం ముందు రోజు రాత్రి, ఒకే చోట కూడాలి. సిద్ధాంతాలు కలవక ఒకే సంస్కారం కుదరదంటే కనీసం ఒకే బంతిలో అన్నం తినాలి. ప్రభువు ఆ రాత్రి మొదలుపెట్టింది భోజనంతోనే.

మూడు. చందా బకాయి ఉందని కూలివాళ్లని బల్లకి రానివ్వకపోవటం ఎక్కడ ఉంటే అక్కడ ఆపించాలి. కొరింథు తప్పే అది.

నాలుగు. ఎవరినైనా కులం కారణంగా పళ్లెం దాటిపోతే, పక్కన కూర్చున్నవాళ్లు కూడా తీసుకోకుండా చేతులు ముడుచుకోవాలి. అరవొద్దు, గొడవ పడొద్దు. పళ్లెం నిండుగా వెనక్కి పోవాలి.

నాలుగోది మేం కనిపెట్టింది కాదు. మా అమ్మ చేసిందే. ఆ ఆదివారం ఆమె ఒక్కతే చేసింది. తర్వాతి నెల ఏడుగురు చేశారు. వాళ్లలో ఈసారి మేం కూడా ఉన్నాం. పెద్దలు ఇంకా లొంగలేదు. ఆ పిల్ల, ఆమె పెనిమిటి ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తున్నారు, అక్కడే కూర్చుంటున్నారు. "మీరెందుకు వస్తున్నారమ్మా ఇంకా?" అని అడిగితే ఆ పిల్ల, "ఆయన బల్ల గదా మాష్టారూ, వీళ్లది కాదు గదా" అంది.

వచ్చే నెల మొదటి ఆదివారం మీ చర్చిలో పళ్లెం ఎవర్ని దాటిపోతోందో చూడండి. చూసి ఊరుకోవద్దు.

జై భీమ్.